ముందు చక్రం నట్లు

నేను పిరికివాణ్ణి. ఈ మాట మొదటే చెప్పేస్తే మీకూ నాకూ శ్రమ తప్పుతుంది. తార్నాకలో నలభై ఏళ్ళు సైకిళ్ళు బాగుచేశాను. మా మనవరాలు ధరణి "మా తాతయ్య అరవైతొమ్మిది ఉద్యమం కళ్ళారా చూశాడు" అని స్నేహితుల దగ్గర డప్పు కొడుతూ ఉంటుంది. చూసిన మాట నిజమే. షాపు మూలన కూర్చుని, వంచిన తల ఎత్తకుండా చూశాను. అది ఏం చూడడమో మీరే చెప్పాలి. సరే, అడిగారు కనక చెబుతాను. మధ్యలో ఆపి ప్రశ్నలు వేస్తే మాత్రం నాకు ఒళ్ళు మండుతుంది.

నా పేరు శశిభూషణ్. మా నాన్న వెంకటసుబ్బారావు గారు రైల్వేలో గుమాస్తా. బెజవాడ నుంచి సికింద్రాబాదుకు బదిలీ అయి, 1967లో మెట్టుగూడ క్వార్టర్సులో దిగాం. అప్పటికి నాకు పంతొమ్మిదేళ్ళు, పి.యు.సి. రెండుసార్లు తప్పి ఉన్నాను. మూడోసారి కూడా తప్పానని తెలిసిన రోజున, ఇంట్లో ఎవరి మొహమూ చూడలేక, పెరట్లో కూర్చుని నాన్న సైకిలు విప్పడం మొదలుపెట్టాను. ఎందుకు విప్పానో దేవుడికే తెలియాలి. మధ్యాహ్నానికి సైకిలు కాస్తా ఒక గుట్ట ఇనుప సామానైంది. తిరిగి బిగించబోతే ఒక్క ముక్కా ఇంకో ముక్కకి అతకదు. నాన్న ఆఫీసు నుంచి వచ్చి చూసి, నోటికొచ్చినట్టు తిట్టి, "రేపు నేను ఆఫీసుకి నడిచిపోవాలా వెధవా?" అన్నారు. మర్నాడు నిజంగానే నడిచి వెళ్ళారు.

ఆ సామానంతా గోనెసంచిలో వేసుకుని లాలాగూడ వర్క్‌షాపు గేటు దగ్గరున్న ఇన్నయ్య షాపుకు మోసుకెళ్ళాను. ఇన్నయ్యది జనగామ వైపు పల్లె. వ్యవసాయం గిట్టక పట్నం వచ్చి, రైల్వే కార్మికుల సైకిళ్ళు బాగుచేస్తూ స్థిరపడ్డాడు. బీడీ నోట్లోంచి తియ్యకుండా మాట్లాడేవాడు. సంచి బోర్లించి చూసి నవ్వలేదు సరికదా, కొట్టేటట్టు చూశాడు.

"ఎవడు ఇప్పిండు ర దీన్ని?"

"నేనేనండీ."

"బిగించుడు రానోనివి ఇప్పనెందుకు? కూసో గీడ. నువ్వే బిగించాలె. నేను చెప్త, నువ్వు చెయ్యాలె."

ఆ రోజు కూర్చున్నవాణ్ణి, మళ్ళీ చదువు జోలికి పోలేదు. మొదటి ఆరునెలలూ పంక్చర్లే. ట్యూబు నీళ్ళ తొట్టిలో ముంచి, బుడగ ఎక్కడ లేస్తుందో చూసి, అక్కడ గరుకు కాగితంతో రుద్ది, సొల్యూషన్ రాసి, అతుకు వేసి, గుప్పిటతో నొక్కి పట్టుకోవడం. తర్వాత స్పోకు పుల్లలు లాగి వంకరపోయిన చక్రాన్ని సరిచెయ్యడం నేర్పాడు. చక్రం బిగించడంలో ఆయనకొక పద్ధతి ఉండేది. రెండు నట్లూ ముందు చేత్తో తిప్పి వదలాలి. చక్రం నడిమధ్యన ఉందో లేదో తిప్పి చూసుకోవాలి. అప్పుడు పానా పెట్టి గట్టిగా బిగించాలి. "పానా పెట్టందే బండి చేతికియ్యొద్దు. నీ అయ్య అడిగినా ఇయ్యొద్దు" అనేవాడు. మూడుసార్లు తప్పినవాడికి చేతికొచ్చిన ఒకే ఒక్క విద్య అది. దాని మీద నాకెంత ప్రేమ పుట్టిందో ఇంట్లో ఎవరికీ అర్థం కాలేదు.

రెండేళ్ళు గడిచాయి. లాలాగూడలో షాపు ఉన్న స్థలం ఖాళీ చెయ్యాల్సి వచ్చి, ఇన్నయ్య తార్నాకలో, యూనివర్సిటీకి పోయే దారిలో ఒక రేకుల షెడ్డు తీసుకున్నాడు. అది 1969 జనవరి. ముహూర్తం అంటే అదీ! మేం పంపూ తొట్టీ సర్దుకుంటున్న వారంలోనే క్యాంపస్ భగ్గుమంది. తెలంగాణ ఉద్యోగాలు తెలంగాణవాళ్ళకే కావాలని పిల్లలు తరగతులు వదిలి రోడ్డెక్కారు.

తార్నాకలో మమ్మల్ని ఎరిగినవాళ్ళు లేరు. షాపు తెరిచిన నాలుగోరోజున ఇద్దరు విద్యార్థులు గాలి కొట్టించుకోవడానికి వచ్చారు. నేను అలవాటుగా "కూర్చోండి, రెండు నిమిషాల్లో అయిపోతుందండీ" అన్నాను. అంతే. ఇద్దరి మొహాలూ మారిపోయాయి. ఒకడు నా కళ్ళలోకి చూస్తూ "ఏడికెళ్ళి వచ్చిన్రు మీరు?" అని అడిగాడు. ఆ "మీరు"లో మర్యాద లేదు. నేను పంపు మీదికి వంగాను.

ఇన్నయ్య గట్టిగా నవ్వేశాడు. "వానికి సినిమాల పిచ్చి సారూ! హీరో లెక్క మాట్లాడుతనంటడు, పనిమీద మనసుండదు" అని నా నెత్తి మీద ఒక్కటిచ్చాడు. వాళ్ళు నవ్వారో లేదో చూసే ధైర్యం నాకు లేదు. వాళ్ళు వెళ్ళాక చూస్తే ఇన్నయ్య మెడ మీద చెమటలు కారుతున్నాయి. ముందురోజే, రెండు వీధుల అవతల మా ఆంధ్రావాళ్ళ కొట్టు మీద ఎవరో రాళ్ళు వేశారు.

"నీ నోట్లె ఆ అండి ఉన్నది సూడు, అదే మన ఇద్దరి కొంప ముంచుతది" అన్నాడు. "నిన్ను పనిల పెట్టుకున్నందుకు నన్ను గూడ ఇడువరు."

"మాట మార్చుకుంటానండీ."

"ఏదీ, అను. పానా గీడ ఉన్నది అను."

"పానా గీడ ఉన్నదండీ."

ఇన్నయ్య నుదురు కొట్టుకున్నాడు. సాయంత్రం దాకా ప్రయత్నించాం. "వస్త" అంటే "వస్తనండీ" అని, "అయితది" అంటే "అయితదండీ" అని వచ్చేది. పుట్టిననాటి నుంచి పెద్దవాళ్ళతో అలా మాట్లాడకపోతే మా అమ్మ అమ్మాజీ మూతి మీద కొట్టేది. అది నా నోటికి అతుక్కుపోయింది. చివరికి ఇన్నయ్య విసుగెత్తి, "రేపటిసంది నువ్వు మూగోనివి. చెవులు ఇనబడ్తయి, నోరు లేదు. సిన్నప్పుడు జరమొచ్చి పడిపోయింది. తెలిసిందా?" అన్నాడు. నేను నోరు తెరవబోయి, తల ఊపాను.

నాన్న షాపు మానెయ్యమన్నారు. క్వార్టర్సులో మా వరసలో రెండు కుటుంబాలు అప్పటికే బెజవాడ వెళ్ళిపోయాయి. అమ్మ కూరల బండి దగ్గరికి పోవడం మానేసింది. బేరమాడాలంటే నోరు విప్పాలి కదా. అయినా నేను పోయాను. ధైర్యముండి కాదు. ఇంట్లో కూర్చుంటే మళ్ళీ ఆ మూడుసార్లు తప్పినవాణ్ణి అయిపోతానని భయం. ఒక భయానికి ఇంకో భయం అడ్డం పెట్టుకుని సైకిలెక్కేవాణ్ణి. దారిలో ఎవరైనా టైమెంత అని అడిగినా వినపడనట్టు తొక్కుకుంటూ పోయేవాణ్ణి.

మూగతనం తేలిక అనుకుంటారేమో. పొద్దున్న తొమ్మిది నుంచి చీకటి పడేదాకా, ఒక్క మాట లేకుండా ఉండి చూడండి! తుమ్మితే "హమ్మయ్య" అనకూడదు. వేలి మీద సుత్తి పడితే అరవకూడదు. ఒకసారి నిజంగానే పడింది. గోరు నల్లబడిపోయింది. పెదవి కొరుక్కుని నెత్తురు మింగాను. ఎవరినైనా పిలవాలంటే పానాతో షెడ్డు రేకు మీద కొట్టమన్నాడు ఇన్నయ్య. ఠంగుమని ఒక్కసారి కొడితే బండి తయారైనట్టు. జనం అలవాటు పడ్డారు. "పాపం, మంచి పనోడు" అనేవాళ్ళు. ఆ జాలి వింటుంటే సిగ్గుతో చచ్చిపోవాలనిపించేది. నిజం తెలిస్తే ఇదే నోటితో ఏమంటారోనని వెంటనే భయం పట్టుకునేది.

అప్పుడే పరుశురాం పరిచయమయ్యాడు. ఎం.ఏ. చరిత్ర చదువుతూ హాస్టల్లో ఉండేవాడు. నాకన్నా రెండేళ్ళు పెద్ద. ఊళ్ళో వాళ్ళ నాన్నకు రెండెకరాల చెలక. మీటింగుల్లో బాగా మాట్లాడతాడని, ఊరేగింపుల్లో ముందు వరసలో ఉంటాడని చెప్పుకునేవారు. పాత నల్ల సైకిలు ఒకటుండేది, రోజుకో రోగం దానికి. ఆ వంకన వచ్చి నా పక్కన పీట వేసుకుని కూర్చుని ఒకటే మాట్లాడేవాడు. మూగవాడి దగ్గర మాట్లాడడంలో సుఖం ఉంటుంది కాబోలు, మధ్యలో అడ్డు రాడు, బయట చెప్పడు.

"సూడు తమ్మీ, మా ఊర్ల పది సదివిన పోరగాండ్లు ఇరవైమంది ఉన్నరు. ఒక్కనికి నౌకరీ లేదు. ఆఫీసులల్ల కూసున్నదంత ఆ దిక్కోల్లే. నాకు మనుషుల మీద పగ లేదు. గని కడుపు మండుతది గద!"

నేను చక్రం వంక చూస్తూ తల ఊపేవాణ్ణి. ఆ ఆఫీసుల్లో ఒక కుర్చీ మా నాన్నది. మనుషుల మీద పగ లేదన్న మాట చెవిన పడింది గాని మనసుకెక్కలేదు. "ఆ దిక్కోల్లే" అన్నది మాత్రం ఎక్కింది. పిరికివాడి చెవులు అలాగే పనిచేస్తాయి.

ఒకరోజు షాపులో ఎవరూ లేనప్పుడు అతను గొంతు తగ్గించాడు. "తమ్మీ, నీకొక్కనికే చెప్తున్న. నాకు మస్తు భయమైతది. ముందట నడుస్త గని కాళ్ళు వణుకుతయి. లాఠీ సూస్తె కడుపుల దేవినట్టైతది. అందరికి నేను ధైర్యం చెప్త. నాకెవ్వరు చెప్పాలె?" ఆ క్షణాన నేను మాట్లాడి ఉండాల్సింది. ఒక్క మాట చాలు. మాట్లాడలేదు. గ్రీజు చెయ్యి తుడుచుకుని అతని భుజం మీద వేశాను. అతను దాన్నే పట్టుకుని చాలాసేపు కూర్చున్నాడు. నాకు అతనంటే ప్రాణం. అతనంటే భయం కూడా. రెండూ ఒకే మనిషి మీద ఎలా ఉంటాయని అడక్కండి, ఉన్నాయి.

ఏప్రిల్ నెలాఖరున ఒకరోజు, పదకొండు గంటలవుతుంది. ఎండ మండిపోతోంది. ఇన్నయ్య సామాను కొనడానికి ముషీరాబాద్ వెళ్ళాడు. నేను ఒక్కణ్ణే ఉన్నాను. పరుశురాం ముందు చక్రం పంక్చరై, సైకిలు నడిపించుకుంటూ వచ్చాడు. చక్రం ఊడదీసి, అతుకేసి, గాలి కొట్టి, మళ్ళీ ముందు ఫోర్కు మధ్య నిలబెట్టాను. రెండు నట్లూ చేత్తో తిప్పి వదిలాను. పానా కోసం వెనక్కి తిరిగి సామాన్ల పెట్టెలో చెయ్యి పెట్టాను.

క్యాంపస్ వైపు నుంచి ఒక్కసారిగా జనం పరిగెత్తుకొచ్చారు. చెప్పులు ఊడిపోయినవాళ్ళు, తల పగిలినవాళ్ళు. వెనకాల ఈలలు, వ్యాన్ల చప్పుడు. పది పన్నెండుమంది కుర్రాళ్ళు మా షెడ్డులోకి దూరి గోడకి అంటుకున్నారు. ఎవరో "అన్నా, ఉరుకు! నీకోసమే వస్తున్నరు!" అని అరిచారు. పరుశురాం సైకిలు లాక్కుని ఎక్కేశాడు.

నా చేతిలో పానా ఉంది. ఆ నట్లు చేతి బిగింపు మీద ఉన్నాయి. మలుపు దాటాక కల్వర్టు దగ్గర రోడ్డు ఎగుడుదిగుడు. అక్కడ బండి ఎగిరితే చక్రం ఊడొస్తుంది. ఇదంతా నాకు క్షణంలో తెలిసింది. అతనింకా పదడుగులు కూడా పోలేదు. పిలిస్తే వినపడుతుంది. నోరు తెరిచాను. మాట నాలుక చివరిదాకా వచ్చింది. "ఆగండి!"

గోడకి అంటుకున్న ఆ పన్నెండుమందీ నా వంకే చూస్తున్నట్టనిపించింది. ఒకడి నుదుటి మీద నుంచి నెత్తురు కారుతోంది. వాడి చేతిలో రాయి ఉంది. మూడు నెలల నుంచి మూగవాడు నోరు విప్పి "ఆగండి" అంటే, వీడెవడు, ఇన్నాళ్ళూ ఏం వింటూ కూర్చున్నాడు, ఎవరికి చెబుతున్నాడు అని అడగరా? నా నోరు మూసుకుపోయింది. కాదు, మూసుకుపోయింది అనకూడదు. నేనే మూశాను.

పానాతో రేకు మీద కొట్టాను. ఒకసారి కాదు, పిచ్చెత్తినవాడిలా ఠంగుఠంగుమని కొడుతూనే ఉన్నాను. పరుశురాం తల తిప్పి చూశాడు. చెయ్యెత్తి ఊపాడు. పెడళ్ళ మీద నిలబడి ఇంకా వేగంగా తొక్కుకుంటూ మలుపు తిరిగిపోయాడు. షెడ్డులో కుర్రాళ్ళు "శాబాష్ మూగన్నా!" అని నా వీపు తట్టారు.

తర్వాతి అరగంట నేను బతికిన అరగంట కాదు. ఒక్కోసారి చేతి బిగింపు కూడా నిలుస్తుందిలే అని చెప్పుకున్నాను. కల్వర్టు పక్కనుంచి పోతాడులే అనుకున్నాను. దేవుడికి దణ్ణాలు పెట్టుకున్నాను. పానా కింద పడేశాను.

ఇన్నయ్య ఒంటిగంటకి వచ్చాడు. భుజం మీద నల్ల సైకిలు ఉంది. ముందు చక్రం లేదు. దాన్ని కింద దించి, చక్రం ఉండాల్సిన చోట వేళ్ళు పెట్టి తడిమాడు. "కల్వర్టు కాడ పడ్డడు. మూతి పగిలింది. చెయ్యి ఇరిగింది. ఆడనే పోలీసులు ఎత్తుకపోయిన్రు" అన్నాడు. తర్వాత చాలా మెల్లగా అడిగాడు.

"పానా పెట్టలేదా?"

తల అడ్డంగా ఊపాను.

"పిలువలేదా?"

మళ్ళీ ఊపాను. షాపులో మేమిద్దరమే ఉన్నాం. అయినా నోట మాట రాలేదు. ఇన్నయ్య నన్ను కొడతాడనుకున్నాను. కొడితే బాగుండేది. ఆయన తన నెత్తి మీదే రెండు చేతులతో కొట్టుకున్నాడు. "నేనే కుట్టిన ర నీ నోరు. తప్పు నాదే. గని ఇప్పుడు మాత్రం తెరువకు. ఇప్పుడు తెరిస్తే మనల్ని బతుకనియ్యరు."

ఆ రోజు దాకా నాది నా ఊరు బయటపడుతుందన్న భయం. ఆ తర్వాతది వేరు. కేకేసే గొంతు ఉండి కూడా నేను కేకెయ్యలేదని తెలిస్తే, ఏ ఊరివాడైనా నన్ను క్షమించడు. అందరూ "పాపం మూగోడు, పిలువలేకపోయిండు" అని నన్నే ఓదార్చారు. నట్లు చేత్తో తిప్పినప్పుడల్లా వేళ్ళు తిమ్మిరెక్కేవి. నాలుగు నెలలు, ఏ సైకిలు చప్పుడు విన్నా అతనేమోనని ఉలిక్కిపడుతూ బతికాను.

ఆగస్టులో వచ్చాడు. ఆస్పత్రి, జైలు అన్నీ అయ్యాయి. ముందు పళ్ళు మూడు లేవు. కుడి చెయ్యి మోచేతి దగ్గర వంగి అలాగే ఉండిపోయింది. ఆ చేత్తో కలం పట్టలేక పరీక్ష రాయలేదట. పీట లాక్కుని ఎప్పట్లాగే నా పక్కన కూర్చున్నాడు. నేను తల ఎత్తలేదు.

"తమ్మీ, రంది పెట్టుకోకు. నీ తప్పేం లేదు. బిగించకముందే నేనే గుంజుకపోయిన" అన్నాడు. "నువ్వు రేకు కొట్టిన సప్పుడు ఇన్న. పోలీసులొస్తున్నరు జల్ది ఉరుకుమంటున్నవనుకున్న. అందుకే ఇంకా జోరుగ తొక్కిన."

నేను కొట్టిన ఆ రేకే అతన్ని కల్వర్టు మీదికి తరిమింది. ఎదురుగా ఇన్నయ్య ఈ మాటలు వింటూ, వద్దు వద్దని తల ఊపుతున్నాడు. ఆయన కళ్ళల్లో భయం నాకు తెలుస్తూనే ఉంది. కానీ ఈ మనిషి నన్ను ఓదారుస్తున్నాడే! అది భరించడం నా వల్ల కాలేదు.

"నేను మూగవాణ్ణి కాదండీ" అన్నాను.

ఏడు నెలల తర్వాత షాపులో నా గొంతు నాకే వికారంగా వినిపించింది. ఆగలేదు. "మాది బెజవాడండీ. మా నాన్న రైల్వేలో గుమాస్తా. నాకు మాటలొచ్చండీ" అని గబగబా అనేశాను. ఇన్నయ్య గోడ పట్టుకుని కింద కూర్చుండిపోయాడు. పరుశురాం లేచి నిలబడ్డాడు. కొడతాడు, అరుస్తాడు, నలుగురినీ పిలుస్తాడు అనుకుని కళ్ళు మూసుకున్నాను.

అతను అరవలేదు. బెజవాడ మాట ఎత్తనైనా ఎత్తలేదు. ఒక్కటే అడిగాడు. "మరి ఆనాడు ఎందుకు పిలువకపోతివి?"

"భయమేసిందండీ."

"ఎవర్ని సూసి?"

షెడ్డులో ఆ రోజున్నవాళ్ళని చూసి అని చెబితే సరిపోయేది. కానీ అది సగం నిజమే. మూడు నెలలు పక్కన కూర్చుని తన కష్టసుఖాలన్నీ చెప్పుకున్న మనిషిని నేను ఒక్కరోజు కూడా నమ్మలేదు.

"మిమ్మల్ని చూసేనండీ" అన్నాను.

పరుశురాం వెనక్కి తిరిగాడు. ఇన్నయ్య కొత్త చక్రం వేసి ఉంచిన నల్ల సైకిలును ఎడమచేత్తో పట్టుకుని, నడిపించుకుంటూ క్యాంపస్ వైపు వెళ్ళిపోయాడు.

మర్నాటి నుంచి నేను షాపులో నోరు విప్పి మాట్లాడాను. జనం నోళ్ళు వెళ్ళబెట్టారు. కొందరు తిట్టుకున్నారు. ఇద్దరు ముగ్గురు రావడం మానేశారు. "మూగోనికి బెజవాడ మాటలొచ్చినయి" అని కొందరు ఎగతాళి చేశారు. ఒక్కరు కూడా చెయ్యెత్తలేదు. వారం తిరిగేసరికి గాలి కొట్టమని అడిగేవాళ్ళు మామూలుగానే అడుగుతున్నారు. ఇంతేనా అని నాకు ఏడుపొచ్చింది.

పరుశురాం మాత్రం మళ్ళీ మా షాపు గడప తొక్కలేదు. క్యాంపస్‌కి మాదే దగ్గరైనా, హబ్సిగూడ దాకా పోయి బండి బాగుచేయించుకునేవాడని తర్వాత విన్నాను.